హేస్టింగ్స్ గారి అడ్డదారి

మనవాళ్ళు క్యాంపింగుకి బయల్దేరడం చూస్తే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారేమో అనిపిస్తుంది. మేమూ తక్కువ తినలేదు. మొన్న ఆగస్టులో మూడు కుటుంబాలం కలిసి టాహో నేషనల్ ఫారెస్టుకి వెళ్ళాం. ప్రెషర్ కుక్కరు, పులిహోర, ఆవకాయ సీసా, దుప్పట్లు... బే ఏరియా నించి ట్రకీ ఊరు 200 మైళ్ళ దాకా ఉంటుంది. ఐ-80 పట్టుకుని తిన్నగా పోవడమే. దారి తప్పుదామన్నా తప్పలేం.

అయినా తప్పాం. ఇంకాసేపట్లో చేరతామనగా వెనక కారులోంచి మా మిత్రుడు ఫోన్ చేశాడు. ముందు ట్రాఫిక్ ఆగిపోయింది, ఇక్కడే దిగి అడవిలో రోడ్డు పట్టుకుంటే అరగంట కలిసొస్తుందని. సరేనని దిగాం. రెండు మైళ్ళకి తారు అయిపోయింది, నాలుగు మైళ్ళకి రోడ్డే అయిపోయింది. రాళ్ళు కారు అడుగున కొట్టుకుంటుంటే మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను. వెనక్కి తిప్పుకుని చేరేసరికి చీకటి పడింది. కారు హెడ్‌లైట్ల వెలుగులో టెంట్లు వేశాం.

"నువ్వెప్పుడైనా ఆ రోడ్డు మీద వచ్చావా?" అని అడిగాను వాణ్ణి.

"లేదు. మ్యాప్‌లో చూశా," అన్నాడు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

క్యాంపింగ్ సంగతి క్లుప్తంగా. అక్కడ స్నానాలు, కరెంటు లాంటివి లేవు. వాసన ఉన్న ప్రతీదీ, టూత్‌పేస్టుతో సహా, ఎలుగుబంట్ల భయానికి ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. మన ఆవకాయ వాసన ఆ పెట్టె ఆపగలిగిందో లేదో ఆ ఎలుగుబంట్లకే తెలియాలి. ఎత్తు ఆరు వేల అడుగులకి దగ్గర, కాబట్టి ఆగస్టులో కూడా రాత్రి పళ్ళు కొరికే చలి. తెల్లవారుజామున నిద్ర పట్టక, మూడు దుప్పట్లు కప్పుకుని, ఎప్పుడు తెల్లారుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

పొద్దున్న ఉప్మా తిన్నాక దగ్గర్లోనే ఆల్డర్ క్రీక్ అనే చోటికి నడిచాం. పచ్చిక మైదానం, చుట్టూ పైన్ చెట్లు, చిన్న వాగు, నాలుగు బోర్డులు. 1846 చలికాలంలో డానర్ అన్నదమ్ముల కుటుంబాలు చిక్కుకుపోయింది ఇక్కడే. మిగతా గుంపు కొన్ని మైళ్ళ అవతల, ఇప్పుడు డానర్ లేక్ అంటున్న చెరువు దగ్గర కర్రల గుడిసెల్లో ఉంది. వీళ్ళకి గుడిసెలు కట్టుకునే వ్యవధి కూడా లేకపోయింది. డేరాలు, కొమ్మలు, పశువుల తోళ్ళు కప్పుకుని నెలల తరబడి ఉన్నారు. నేను మూడు దుప్పట్లతో ఒక్క రాత్రి ఉన్నాను, అదీ ఆగస్టులో.

డానర్ పార్టీ అనగానే అందరూ మొదట చెప్పేది మనుషుల్ని మనుషులు తిన్నారని. నిజమే, తిన్నారు. కానీ ఆల్డర్ క్రీక్‌లో 2003, 2004లలో తవ్వినప్పుడు దొరికిన ఎముకల్లో గుర్తుపట్టగలిగినవి పశువులవి, గుర్రాలవి, జింకలవి, కుక్కలవి. మనుషులవి అని తేలినవి ఒక్కటీ లేవు. ఇంటికొచ్చి ఈ కథంతా చదివాక నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ తిండి సంగతి కాదు, అసలు వాళ్ళు అక్కడికి చేరిన పద్ధతి.

1846 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ స్ప్రింగ్‌ఫీల్డ్ నించి ఎడ్లబళ్ళలో బయల్దేరారు. దారిలో కలిసినవాళ్ళతో కలిపి మొత్తం 87 మంది అయ్యారు. అప్పటికే వేలమంది నడిచిన, అందరికీ తెలిసిన బళ్ళ దారి ఒకటుంది. అయితే లాన్స్‌ఫోర్డ్ హేస్టింగ్స్ అనే లాయరు 1845లో ఒక గైడు పుస్తకం వేశాడు. అందులో సాల్ట్ లేక్ మీదుగా దగ్గరి దారి ఉందని ఒక్క వాక్యం. పుస్తకం రాసేనాటికి ఆయన ఆ దారిలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు! మ్యాప్‌లో చూశాడన్నమాట. కాలిఫోర్నియాకి జనం రావడం ఆయనకి అవసరం.

1846లో ఆయన ఎట్టకేలకు ఆ దారిన తూర్పుకి వచ్చాడు, బళ్ళతో కాదు, గుర్రాల మీద. వెంట వచ్చినవాళ్ళలో జేమ్స్ క్లైమన్ అనే అనుభవజ్ఞుడు ఒకాయన. ఈయన ఫోర్ట్ లారమీ దగ్గర పాత పరిచయస్తుడు జేమ్స్ రీడ్‌ని కలిసి, ఆ దారిలో బళ్ళు పోవు, పాత దారే పట్టండి అని గట్టిగా చెప్పాడు. రీడ్ వినలేదు. దగ్గరి దారి ఉండగా చుట్టూ తిరగడమేమిటని ఆయన లెక్క.

నడిచొచ్చినవాడు వద్దంటున్నాడు, నడవనివాడు అచ్చేయించాడు. అచ్చులో ఉన్నదే నెగ్గింది. ప్రొడక్షన్లో దెబ్బతిన్నవాడి మాట కంటే స్లైడ్లేసినవాడి మాట మీద డెడ్‌లైన్లు ఒప్పుకునే మనకి ఇది కొత్తేం కాదు.

దారులు విడిపోయిన చోట అందరూ హుషారుగా ఉంటే జార్జి డానర్ భార్య టామ్‌సెన్ మాత్రం దిగులుగా ఉందని అక్కడే ఉన్న మరో ప్రయాణికుడు తర్వాత రాశాడు. ఆవిడ టీచరుగా పనిచేసినావిడ. ఆవిడ మాట ఎవరు విన్నారు గనక!

వాసాచ్ కొండల్లో చెట్లు నరుక్కుంటూ దారి వేసుకోవడానికే రెండు వారాలు దాటింది. హేస్టింగ్స్ 40 మైళ్ళన్న ఎడారి 80 మైళ్ళు తేలింది. సియెర్రా కొండల కింద చెరువు దగ్గరికి చేరేసరికి అక్టోబరు దాటిపోయింది, మంచు ముందే పడింది. వచ్చే ఏప్రిల్‌కి ఆఖరి మనిషిని బయటికి తెచ్చేలోపు దాదాపు సగం మంది పోయారు. టామ్‌సెన్ పిల్లల్ని కాపాడ్డానికి వచ్చినవాళ్ళతో పంపేసి, చెయ్యి కుళ్ళి మంచాన పడ్డ భర్త దగ్గర ఉండిపోయింది. ఇద్దరూ బతకలేదు.

అయితే హేస్టింగ్స్ మోసగాడా? ఆ ఏడాదే ఆయన వెంట ముందు వెళ్ళిన గుంపు నానా పాట్లూ పడి, బళ్ళతో సహా చేరింది. ఆయన దృష్టిలో దారి పనిచేసినట్టే. తను చేరినవాడు, అందరూ చేరతారని నమ్మినవాడు. నాకు ముల్లు గుచ్చుకున్నది సరిగ్గా ఇక్కడే.

నాలుగేళ్ళ క్రితం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఎమ్మెస్‌కి రమ్మంటావా?" అని. వచ్చెయ్ రా, రెండేళ్ళలో అప్పు తీరిపోతుంది అన్నాను, క్షణం ఆలోచించకుండా. నేను ఎమ్మెస్ చెయ్యలేదు, స్టూడెంట్ వీసా మీద రాలేదు. 2006లో కంపెనీ పంపితే వచ్చాను, టికెట్టు కూడా వాళ్ళదే. నాకు తెలిసింది ఒక దారి, వాడికి చెప్పింది ఇంకో దారి. పిన్ని వాళ్ళు రెండెకరాలు తాకట్టు పెట్టారు. వాడికి రెండుసార్లు లాటరీలో పేరు రాలేదు, మధ్యలో ఉద్యోగం పోయింది. గడువు ముగిసేలోపు ఇంకోటి దొరికింది గానీ ఆ రోజుల్లో వాడి గొంతు నాకింకా గుర్తుంది. పిన్ని ఈ రోజుకీ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

అడవి రోడ్డు చూపించిన మిత్రుడి మీద రాత్రంతా గొణిగిన నేను, వాడి కంటే ఏం తక్కువ?

నేననేది సలహాలు ఇవ్వడం మానెయ్యమని కాదు. 1844లో, అంటే డానర్ వాళ్ళకి రెండేళ్ళ ముందే, యాభై మంది గుంపు ఒకటి ఇదే కనుమ మీదుగా మొట్టమొదట బళ్ళు దాటించింది. కాలిఫోర్నియా చేరేలోగా ఒక్క ప్రాణం పోలేదు, పైగా దారిలో పిల్లలు పుట్టారు. వాళ్ళు చేసిన మంచిపని, ఎడారిలో కలిసిన పాయూట్ పెద్దని దారి అడగడం. పడమర వైపు ఒక నది ఉందని ఆయన చెప్పాడు, దాన్ని పట్టుకుని వచ్చారు. ఆ నదికీ, ఆ ఊరికీ ట్రకీ అన్నది ఆయన పేరే. అక్కడివాణ్ణి అడిగినవాళ్ళు బతికారు.

డానర్ వాళ్ళ దగ్గరికీ అక్కడివాళ్ళు వచ్చారు. కాలిఫోర్నియా వైపు నించి సట్టర్ పంపిన ఆహారం మోసుకుని లూయిస్, సాల్వడార్ అనే ఇద్దరు ఆదివాసులు కొండ దాటి వచ్చారు, వీళ్ళతో పాటే చిక్కుకున్నారు. సాయం తేవడానికి మంచు మీద నడిచి వెళ్ళిన జట్టులో ఆకలికి తాళలేక ఆ ఇద్దర్నీ కాల్చి తినేశారు. చెరువు దగ్గర 1918లో కట్టిన పెద్ద విగ్రహం ఉంది, పీఠమే 22 అడుగులు. మీద తల్లి, తండ్రి, పిల్లలు. తిండి మోసుకొచ్చిన ఆ ఇద్దరూ ఆ బొమ్మలో లేరు. పయనీర్ అనే మాట ఎవరికి దక్కుతుందో ఆ పీఠం కింద నిలబడితే బాగా తెలుస్తుంది.

తిరిగొచ్చిన వారానికి తమ్ముడికి ఫోన్ చేసి, ఆ రోజు నాకు తెలియకుండా చెప్పాన్రా అన్నాను. "నువ్వు చెప్పకపోయినా వచ్చేవాణ్ణేలే అన్నయ్యా," అన్నాడు. నిజమో, నా కోసం అన్నాడో తెలీదు.

ఆ మధ్య మా ఊరి కుర్రాడొకడు ఇదే ప్రశ్న అడిగాడు. నేను వచ్చింది ఏ ఏడో, ఏ వీసా మీదో చెప్పి, అంతకు మించి నాకు తెలియదన్నాను. కావాలంటే మా తమ్ముడితో మాట్లాడు, వాడు నువ్వడిగే దారిలోనే నడిచొచ్చాడని నంబరిచ్చాను. మీరూ ఈ మూడు ముక్కలూ చెప్పండి చాలు: ఎప్పుడొచ్చారు, ఎలా వచ్చారు, ఈ మధ్య ఎవరొచ్చారు.

ఆల్డర్ క్రీక్‌కి కూడా ఓసారి వెళ్ళి రండి. వేసవిలో వెళ్ళండి, దుప్పట్లు ఎక్కువ తీసుకెళ్ళండి. ఐ-80 మాత్రం దిగకండి. ఇది నడిచొచ్చి చెబుతున్న మాట :)