బ్రష్ కట్టర్ మాటిమాటికీ ఆగిపోతోందా? ముందు మూత చూడండి!

"నా కాడ బాగానే తిరుగుతాంది కదప్పా!"

ఈ వానాకాలంలో ఇద్దరు మెకానిక్కులు మా నాయనతో అన్న మాట ఇది. ఆఫీసులో ఇదే మాట నేను వారానికి నాలుగుసార్లు అంటుంటాను. ఎవరైనా బగ్ ఉందని చెప్తే చాలు, "నా లాప్‌టాప్‌లో బాగానే వస్తోందే" అనేస్తాను. అవతలి వాళ్లకు ఆ మాట వింటే ఎంత మండుతుందో మా చీనీ తోటలో నిలబడ్డాక తెలిసొచ్చింది.

మాది పులివెందుల దగ్గర ఒక పల్లె. మూడెకరాల చీనీ తోట. నేనుండేది బెంగళూరులో. వానలు మొదలైతే చెట్ల మధ్య గడ్డి మోకాలెత్తు లేస్తుంది, కలుపుకు కూలీలు దొరకరు. అందుకే రెండేళ్ల కిందట నాయనకు ఒక బ్రష్ కట్టర్ కొనిచ్చాను. పెట్రోలుతో నడిచే టూ స్ట్రోక్ మిషను. భుజానికి తగిలించుకుని, తాడు లాగి స్టార్ట్ చేసి గడ్డి కోసుకుంటూ పోవడమే.

ఈ ఏడాది అది మొండికేసింది. ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది. పది నిమిషాలు చక్కగా తిరుగుతుంది. తర్వాత మెల్లగా నీరసపడి ఆగిపోతుంది. అప్పుడు తాడు ఎంత లాగినా ఉలకదు, పలకదు. కాసేపు చెట్టు కింద పెడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. మళ్లీ పది నిమిషాలే.

నాయన వీడియో కాల్ చేశాడు. "ట్యాంకు నిండుగా పోస్తే ఇంకా బిరీన ఆగిపోతాంది రా. సగం పోస్తే కొంచెం ఎక్కువసేపు తిరుగుతాంది" అన్నాడు.

నేను నవ్వేశాను. "పెట్రోలు ఎక్కువుంటే ఆగిపోయేదేంది నాయనా? ఆయిల్ ఎక్కువ కలుపుతాండావు, ఆ పొగ చూడు" అన్నాను. ఆయన లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుతున్నాడు. నేను చూసిన విదేశీ వీడియోలో 20 చాలన్నారు. "ఇకమీదట 20 చాలు" అని చెప్పేశాను. ఈ సలహా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మూడు ఊర్లు తిరిగిన మిషను

ముందు పులివెందులలో చూపించాడు. ప్లగ్గు మార్చి, ట్యాంకులో కాస్త పెట్రోలు పోసి స్టార్ట్ చేశారు. బ్రహ్మాండంగా తిరిగింది. ఇంటికొచ్చాక పది నిమిషాలకు ఆగింది.

తర్వాత జమ్మలమడుగు. అక్కడ మా చిన్నాయనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. కార్బురేటర్ విప్పి కడిగి, డయాఫ్రమ్ మార్చాడు. మళ్లీ పెట్రోలు పోసి స్టార్ట్ చేశాడు. బ్రహ్మాండం. ఇంటికొస్తే మళ్లీ అదే కథ.

ఇక కార్బురేటరే కొత్తది కొనేద్దామని శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరికొచ్చాను. శనివారం పొద్దున నాయనా నేనూ మిషను తీసుకుని ప్రొద్దుటూరు పోయాం. బంగారానికీ బట్టలకూ పేరున్న ఊరు. చుట్టుపక్కల రైతులు మోటార్లు, స్ప్రేయర్లు పట్టుకుని వచ్చేదీ ఇక్కడికే.

అంగట్లో ఉన్న పెద్దాయన కార్బురేటర్ తీసివ్వలేదు. మిషను కూడా ముట్టుకోలేదు. నావైపు చూడకుండా నాయననే అడిగాడు. "ఎంతసేపటికి ఆగుతాంది? టక్కున ఆగుతాందా, నీరసంగా ఆగుతాందా? నిండు ట్యాంకుతో ఎట్లుంది?"

నాయన నాకు చెప్పిందే ఆయనకూ చెప్పాడు. పెద్దాయన నవ్వలేదు. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, మూత బిగించి, అంగడి వెనక మిషను తిప్పుతూ నిలబడ్డాడు. ఎనిమిదో నిమిషంలో సౌండ్ తగ్గింది. ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. అప్పుడు ట్యాంకు మూత కొంచెం వదులు చేశాడు.

తుస్స్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మూత బిగించి మళ్లీ లాగాడు. స్టార్ట్!

అసలు జరిగిందేంటి?

ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోయే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికోసం మూతలో చిన్న దారి ఉంటుంది. కొన్ని మిషన్లలో ఇది ట్యాంకు పక్కన సన్నటి గొట్టంగా ఉంటుంది. మాది దుమ్మూ ఆయిలూ కలిసి గట్టిగా మూసుకుపోయింది. గాలి రాకపోతే ట్యాంకులో వ్యాక్యూమ్ పెరుగుతుంది. ఒక దశలో కార్బురేటర్ ఎంత లాగినా పెట్రోలు రాదు. మూత మూసిన స్ట్రా నుంచి జ్యూస్ పీల్చినట్టన్నమాట. కాసేపు పక్కన పెడితే సందుల్లోంచి కొంచెం గాలి చేరి మళ్లీ నడుస్తుంది.

మరి నిండు ట్యాంకుతో తొందరగా ఎందుకు ఆగుతుంది? అందులో గాలికి చోటు తక్కువ. కొంచెం పెట్రోలు తగ్గినా ఆ కాస్త గాలి బాగా పల్చబడిపోతుంది. సగం ట్యాంకులో గాలి ఎక్కువ కాబట్టి ఇంకొంచెం సేపు లాక్కొస్తుంది. నేను నవ్విన మాటలోనే జవాబంతా ఉంది.

ముందు చేసిన రిపేర్లు పనిచేసినట్టు ఎందుకనిపించాయో కూడా అప్పుడే అర్థమైంది. ప్లగ్గు మార్చినా, కార్బురేటర్ కడిగినా, చివర్లో పెట్రోలు పోయడానికి మూత తీశారు. గాలి లోపలికి పోయింది. రెండు నిమిషాలు తిప్పి చూసి సరే అన్నారు. మూత చేసిన పనికి మార్కులు ప్లగ్గుకు పడ్డాయి. మా భాషలో చెప్పాలంటే రెండు మార్పులు ఒకేసారి చేసి, క్రెడిట్ తప్పుడు దానికిచ్చాం.

కొత్త మూత వేశారు. దాని ఖర్చు కార్బురేటర్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పెద్దాయన ఎందుకో సైలెన్సర్ విప్పి టార్చ్ వేసి చూశాడు. పిస్టన్ మీద సన్నటి నిలువు గీతలు. "ఆయిల్ తగ్గించినారా?" అనడిగాడు. మా మిషను మాన్యువల్‌లో ఉన్నది లీటరుకు 40 మిల్లీలీటర్లే. 20 చాలన్న వీడియో వేరే మిషనుది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కు అందే ఆయిల్ పెట్రోలులో కలిపిందే, వేరే ఏదీ లేదు. "ఇంకొన్నాళ్లు ఇట్లే తిప్పింటే పట్టేసేది" అన్నాడు. అంటే ఇంజన్ బోరుకొచ్చి, మూత కోసం పోయినోళ్లం కొత్త మిషను కొనుక్కుని వచ్చేవాళ్లం. నాయన నావైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

మీ మిషను ఎప్పుడు ఆగుతోంది?

ఏ పార్టు మార్చాలి అని అడగకండి. ఎప్పుడు ఆగుతోంది అని చూడండి.

* కొంతసేపు తిరిగి నీరసంగా ఆగి, మూత వదులు చేస్తే నడుస్తుంటే: గాలి దారి మూసుకుపోయింది. పెట్రోలుతో కడిగి గాలి ఊదండి. లోపల రబ్బరు వాల్వ్ ఉంటే సూదితో పొడవద్దు, చిరిగిపోతుంది.
* ఊరికే ఉన్నప్పుడు బాగుండి, రేస్ చేస్తే ఆగిపోతుంటే: ఎయిర్ ఫిల్టర్, ట్యాంకులోని పెట్రోల్ ఫిల్టర్, ఆ తర్వాతే కార్బురేటర్.
* రోజురోజుకీ పవర్ తగ్గుతుంటే: సైలెన్సర్‌లోని జాలీకి మసి పట్టిందేమో చూడండి.
* వేడెక్కాక టక్కున ఆగి, చల్లారేదాకా స్టార్ట్ కాకపోతే: ఆ నిమిషంలోనే ప్లగ్గులో నిప్పు వస్తోందో లేదో మెకానిక్‌తో చూపించండి. రాకపోతే ఇగ్నిషన్ కాయిల్‌పై అనుమానపడాలి.
* సీజన్ తర్వాత తీస్తే అసలు స్టార్టే కాకపోతే: పాత పెట్రోలు పారబోయకుండా వేరే డబ్బాలోకి తీసి, కొత్తది కలపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోలు నెలకు మించి దాచొద్దు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక రెండు నిమిషాలు కాదు, ఆగిపోయే టైమ్ దాటేదాకా తిప్పి చూడండి. ఏది చేసినా ఇంజన్ ఆపి, చల్లారాకే. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోలు మూత తీయొద్దు.

సోమవారం ఆఫీసులో ఒకమ్మాయి వచ్చి, యాప్ అప్పుడప్పుడూ ఆగిపోతోందని చెప్పింది. "నా లాప్‌టాప్‌లో..." అనబోయి నోరు మూసుకున్నాను. "కూర్చో. ఎప్పుడు ఆగుతోందో మొదటినుంచీ చెప్పు" అన్నాను.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. నాలుగు సాళ్ల గడ్డి కోశాడట, ఒక్కసారి కూడా ఆగలేదట. రెండు చోట్ల డ్రిప్పు పైపు మాత్రం తెగిందట.

దానికి నా దగ్గర సలహా ఉంది. ఈసారి అడిగితేనే చెప్తా.