షఫిల్ ఎవరడిగారు?

ఈ వారం నా ఒళ్లు మండించింది ఫోన్‌లోని పాటల యాప్. పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పెట్టమంటే ఎక్కడో మధ్యలో అందుకుంది. 'మనీ' అయ్యీ అవగానే అప్పులిస్తాం రమ్మంటూ ప్రకటన. ఆ తర్వాత తీరుబడిగా మొదటి పాట. నెలకింతని కట్టనివాళ్లకు వరస అడిగే హక్కు లేదట.

1973లో వచ్చిన ఆ రికార్డు దాదాపు 43 నిమిషాలు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. ఒక పాట ఎక్కడ అయిందో, ఇంకోటి ఎక్కడ అందుకుందో తెలియనివ్వరు. గడియారాలన్నీ ఒక్కసారిగా మోగే చోట నేనిప్పటికీ ఉలిక్కిపడతాను. దానికి ముందున్న ఆ పరుగుల శబ్దం వినకపోతే ఉలికిపాటూ లేదు, పాడూ లేదు. 1988 దాకా 741 వారాలు అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నిలిచిందంటే జనం కొన్నది ముక్కల్ని కాదు. 'పాట బాగుంటే చాలదా, వరసేమిటి?' అనేవాళ్లకు నా జవాబు అదే.

2021లో గాయని అడెల్ తన '30' ఆల్బమ్ విడుదలప్పుడు పట్టుబడితే గానీ ఒక పెద్ద సంస్థ ఆల్బమ్ మీద షఫిల్ మీటను వెనక్కి జరపలేదు. అడెల్ అంతటి ఆవిడ అడగాల్సి వచ్చింది. మనమెంత!

ఇక పియానో వాద్యకారుడు గ్లెన్ గౌల్డ్ సంగతి. బాఖ్ 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్'ను 1955లో 38 నిమిషాల్లో ఉరికించాడు. మళ్లీ 1981లో, పోయే ముందు ఏడాది, 51 నిమిషాలు తీసుకున్నాడు. నాకు రెండోదే ఇష్టం, పియానోతో పాటు ఆయన తీసే కూనిరాగం చిరాకు పెట్టినా సరే. మొదట ఒక స్వరరచన, దాని మీద ముప్ఫై రూపాలు, చివరకు మళ్లీ అదే స్వరరచన. దీన్ని కలగాపులగం చేయడమంటే మంగళం పాడేసి వర్ణం అందుకోవడమే.

కర్ణాటక సంగీతం వినేవాళ్లు చాలామంది జాజ్ అనగానే తప్పుకుంటారు. వాళ్లు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'తో మొదలుపెట్టాలి. 1959లో న్యూయార్క్‌లో రెండు రోజుల్లో ముగించిన రికార్డింగు. ఐదే రచనలు. వాద్యగాళ్ల చేతికి పూర్తి స్వరలిపి ఇవ్వలేదు, ఇవి స్వరాలు, ఇక వాయించండి అన్నాడు. ఆలాపనకు అలవాటుపడ్డ చెవికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు. కోల్ట్రేన్ శాక్సఫోన్ నిలదీస్తుంటే బిల్ ఎవాన్స్ పియానో పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. అన్నట్టు, రికార్డింగు యంత్రం నెమ్మదిగా తిరగడం వల్ల మొదటి వైపున్న మూడు రచనలూ దశాబ్దాల పాటు కాస్త హెచ్చు శ్రుతిలో వినబడ్డాయి. 1992లో సరిచేశారు. శ్రుతిలో వెంట్రుకవాసి తేడాకు అంత తాపత్రయపడ్డ మనుషులున్న లోకంలో, యాప్ మొత్తం వరసనే తలకిందులు చేస్తుంటే అడిగేవాడు లేడు.

బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' (1967) నాకు ఎక్కలేదు. సగం సర్కస్. కోప్పడేవాళ్లు కోప్పడండి. నాకు నచ్చిందల్లా జార్జ్ హారిసన్ మన వాద్యాలతో చేసిన పాట. వాయించింది లండన్‌లో ఉన్న భారతీయులు. పాటల సాహిత్యం మొత్తం అట్ట వెనక అచ్చువేసిన ఆ కంపెనీకి వాళ్ల పేర్లు వేయడానికి మాత్రం జాగా దొరకలేదు. మనవాళ్లేం తక్కువ తినలేదు. తెలుగు సినిమా పాట తెర మీద కనబడితే గాయకుడు, సంగీత దర్శకుడు, హీరో బొమ్మ. వీణ ఎవరు? నాదస్వరం ఎవరు? రాసిన కవి పేరే వెతుక్కోవాలి.

వరస చెడగొట్టడంలో యాప్ కన్నా మనమే ముందున్నాం. ఘంటసాల భగవద్గీత చూడండి. 1974లో కన్నుమూసిన ఆయన ఆఖరి రోజుల్లో పాడిన రికార్డు అది. శ్లోకం రాగంలో సాగుతుంది, వెంటనే తాత్పర్యం మామూలు తెలుగులో, ఇంట్లో పెద్దాయన చెబుతున్నట్టు. ఆ పాటకూ ఈ మాటకూ మధ్య గొంతు మారే తీరు కోసమే దాన్ని కూర్చుని వినాలి. మనం మాత్రం వైకుంఠ రథం మైకులో, వీధి మలుపు తిరిగేలోపు వినబడిన రెండు శ్లోకాలే ఎరుగుదుం. పొద్దున్నే ఎవరింట్లోనైనా మోగితే 'ఎవరు పోయారు?' అని ఆరా. లేచి యుద్ధం చెయ్యమని చెప్పిన గ్రంథాన్ని లేవలేనివాళ్లకే వినిపిస్తున్నాం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతానికి పొద్దుటి కాఫీ దక్కింది, పాపం ఈయనకు పాడె దక్కింది. ఇంత గొప్ప గాయకుడికి తెలుగువాళ్లు చేసిన ఇంత పెద్ద అన్యాయం ఇంకోటి లేదు.

ఈ ఆదివారం ఇంట్లో ఆ గీత పెట్టండి. మధ్యలో ఆపకుండా, మొదటి నుంచి చివరిదాకా. పక్కింటివాళ్లు కంగారుగా వస్తే, అందరం క్షేమమేనని చెప్పి కూర్చోబెట్టండి.