ఆయుధానికి గడువుంది

హుజూర్‌నగర్, సూర్యాపేట తాలూకాల రైతులు నిజాం ఏలుబడిలో ఆయుధం పట్టడం న్యాయం. ఆ న్యాయానికి గడువుందన్నదీ అంతే నిజం. ఏటా సెప్టెంబర్ 17న ఈ చరిత్రను పంచుకునే పార్టీల్లో ఒకరు మొదటి మాటను కాదంటారు, ఒకరు రెండో మాటను దాటేస్తారు.

నిజాం రాజ్యంలోని తెలుగువారి సంఘంగా 1930లో మొదలైన ఆంధ్ర మహాసభ ఏళ్ల తరబడి తీర్మానాలు, అర్జీలతోనే నడిచింది. వెట్టి ఆగలేదు, బేదఖళ్లూ ఆగలేదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పోలీసులు దొరల పక్షం, ఆపై నిజాం కొమ్ము కాసే సాయుధ మూకలైన రజాకార్ల దాడులు. సత్యాగ్రహం చేయొచ్చు కదా అంటే, 1947లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ అదే చేసింది. దాని నేత స్వామి రామానంద తీర్థ జైలుకెళ్లారు, రజాకార్లు మాత్రం ఊళ్ల మీద పడుతూనే ఉన్నారు. అర్జీ చెల్లక, ఓటు లేక, ప్రాణానికే ముప్పు వచ్చినప్పుడు ఎదురు తిరగడం ఆత్మరక్షణ.

1948 సెప్టెంబర్ 17న, భారత సైన్యం జరిపిన ‘పోలీసు చర్య’తో నిజాం లొంగిపోయాక పరిస్థితి మారింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం, రాజ్యాంగంతో వయోజనులందరికీ ఓటు వచ్చాయి. అయినా ఈ పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబర్ దాకా పోరు విరమించలేదు. సైన్యం అండతో దొరలు తిరిగొచ్చి భూములు లాక్కున్నారు, రైతు చేతులు ముడుచుకోవాలా అని అడుగుతారు. దున్నుతున్న చెలకను కాపాడుకోవడం న్యాయమే. కానీ 1948లో పార్టీ కలకత్తా మహాసభ తర్వాత దాని గురి ఢిల్లీ గద్దె మీదికి మళ్లింది. ఆ పోరు వద్దని పార్టీ నేతే అయిన రావి నారాయణరెడ్డి వాదించారు. మొత్తం పోరాటంలో 4,000 మంది కార్యకర్తలు, రైతులు బలయ్యారని పార్టీ అగ్రనేత పుచ్చలపల్లి సుందరయ్యే రాశారు. గెలిచే ఆశ లేని యుద్ధానికి ఊళ్లను ఒడ్డడం నాయకత్వం తప్పు. 1952లో ఈ పోరు సాగిన నల్లగొండ ఓటర్లే రావి నారాయణరెడ్డిని నెహ్రూకంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. తుపాకీ లేకుండానే జనం మాట ఢిల్లీకి చేరింది.

ఇదే కొలత ప్రభుత్వానికీ వర్తించాలి. రజాకార్లను అణచడం న్యాయమైనంత మాత్రాన ఆ తర్వాత జరిగిన ముస్లింల ఊచకోత న్యాయం కాదు. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. సర్కారు దాన్ని తెలుగులో అచ్చువేసి, పాఠ్యపుస్తకాల్లో కడవెండి పక్కనే చోటివ్వాలి. కారణం ఎంత న్యాయమైనదైనా, నిరాయుధులను చంపే హక్కు రైతు దళానికీ లేదు, సైన్యానికీ లేదు.