మిద్దె మీద ముసురు

అనంతపురం పీఠభూమిలో వేసవి రోహిణి కార్తెతో ముదిరి, జూన్ 8 ప్రాంతంలో మృగశిరతో చల్లబడుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసేస్తాయి. వాటి చాటున ఉన్న ఈ నేలకు దక్కేది కొంతే. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ అన్నిటికంటే ఎక్కువగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అందుకే వేసవి చివర పట్టే ముసురు ఇక్కడ అరుదైన చుట్టం.

పాత మట్టిమిద్దెల మీద వానకు ముందే చౌడుమట్టి పరుస్తారు. తడిస్తే అది మెత్తగా సర్దుకుని సందులు పూడుస్తుంది, ఇల్లు కారదు. వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాక్షిని బండతో మూస్తారు. పగలే ఇల్లు మసకబారుతుంది.

అప్పుడు ఇంటిల్లిపాదీ నడవలో చేరతారు. మధ్యలో చెనక్కాయల కుప్ప. విత్తనపు గింజ పై పొర చిట్లితే మొలక దెబ్బతింటుంది కాబట్టి కాయలను చేత్తో జాగ్రత్తగా వలుస్తారు. పుచ్చులు, తాలు గింజలు ఏరేస్తారు.

వంటింట్లో బొరుగులు నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెడతారు. పైన పప్పులపొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే.

వాన తెరిపి ఇచ్చాక పెద్దవాళ్లు చేనికి వెళ్లి ఎర్రమట్టిని తవ్వి చూస్తారు. తడి లోతుగా దిగితే పదును అయినట్టు, విత్తనం వేయవచ్చు. పైపైనే ఆగితే వలిచిన గింజలు మూటలోనే మరో వాన కోసం ఎదురుచూస్తాయి.