ఇంటర్వెల్ ముచ్చట్లు: దాస్తే సినిమా... చెప్తే జీవితం!

జగిత్యాల నుంచి ఒక తమ్ముడు ఒకే ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశాడు. ఒకటి: "అన్నా, నీకు బాగా ఇష్టమైన ఏడుపు సినిమా ఏది?" రెండు: "లవ్ ఫెయిలైతే ఎన్ని దినాలకు మరుస్తరు?" మూడు: "నెల రోజుల సంది నాకు నిద్ర వస్తలేదు, బువ్వ తినబుద్ధి అయితలేదు. ఏం గోలీ వేసుకోవాలె?"

మొదటిది సినిమా ప్రశ్న, రెండోది ప్రేమ ప్రశ్న, మూడోది డాక్టరు ప్రశ్న అనుకుంటున్నాడు పాపం తమ్ముడు! కాదు నాయనా, మూడూ ఒకటే ప్రశ్న. అందుకే ఈ వారం పేజీ మొత్తం నీకే ఇచ్చేస్తున్నా. మిగతా ఉత్తరాల వాళ్ళు కోపగించుకోకండి. మీలో సగం మంది అడిగిందీ ఇదే!

సరే, మొదటి ప్రశ్న. నాకిష్టమైన ఏడుపు సినిమా 'దేవదాసు'. 1953 జూన్ 26న విడుదలైంది. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వం, అక్కినేని, సావిత్రి. శరత్‌బాబు బెంగాలీ నవల అచ్చయింది 1917లో. అంటే వందేళ్ళు దాటినా ఈ కుర్రాడి గడ్డం ఇంకా మన వీధుల్లో తిరుగుతూనే ఉంది! మన కాలేజీల్లో ఎవడైనా నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే, "ఏంరా, దేవదాసు అయినవా?" అని అడగని వాడు ఎవడు?

అయితే ఒక్కసారి ఆ కథను నిదానంగా గుర్తు తెచ్చుకోండి. దేవదాసు పతనం ఎక్కడ మొదలైంది? సీసా దగ్గర కాదు. సీసా తర్వాత వచ్చింది. అసలు జబ్బు నోటి దగ్గర మొదలైంది. తండ్రి ముందు గట్టిగా చెప్పాల్సిన మాట చెప్పలేదు. మనసులో ఒకటి ఉంటే పార్వతికి ఉత్తరంలో మరొకటి రాశాడు. ఆ రాని మాటే తర్వాత మత్తయింది, దగ్గయింది, చివరికి పార్వతి ఇంటి ముందు చావయింది.

మన హీరోలందరికీ ఇదే జబ్బు. 'ప్రేమాభిషేకం' (1981) చూడండి. దాసరి గారి సినిమా, మళ్ళీ అక్కినేనే. హీరోకి కాన్సరు. ఆ మాట ప్రియురాలికి చెప్పడు. చెప్పకపోగా, తను చెడిపోయినట్టు నటించి, ఆమె చేత అసహ్యించుకునేలా చేసుకుంటాడు! 'గీతాంజలి' (1989) చూడండి. మణిరత్నం గారి సినిమా, ఈసారి కొడుకు నాగార్జున. హీరోకి జబ్బు, హీరోయిన్‌కీ జబ్బు. అతను ఇంట్లోవాళ్ళ ఏడుపు చూడలేక ఊటీ వెళ్ళిపోతాడు. తన సంగతి ఆ అమ్మాయికి చెప్పకుండా దాస్తాడు. దాపరికం లేకపోతే మన విషాద సినిమాకు మూడో రీలు కూడా నిండదు!

ఎందుకంటారా? 'ప్రేమాభిషేకం' హీరో నాలుగో రీల్లోనే "నాకు ఇలా ఉంది, నాకు భయంగా ఉంది" అని చెప్పేశాడనుకోండి. తర్వాత ఏముంటుంది? ఇద్దరూ దవాఖానకు పోతారు. చీటీ రాయించుకుంటారు. వరుసలో కూర్చుంటారు. మందు మింగుతారు. ఎవడు చూస్తాడు చెప్పండి ఆ సినిమా? దాస్తేనే పాట, దాస్తేనే కన్నీళ్ళు, దాస్తేనే వంద రోజులు!

ఇంకో కిటుకు కూడా ఉంది. తెర మీద మనిషి చెడిపోవడానికి ఒక్క పాట చాలు. పల్లవికి గడ్డం మొలుస్తుంది, మొదటి చరణానికి సీసా వస్తుంది, రెండో చరణానికి దగ్గు వస్తుంది. అయిదు నిమిషాల్లో అయిదేళ్ళు! కానీ మనిషి బాగుపడ్డం ఎవరూ చూపించరు. అది మెల్లగా జరుగుతుంది. ఒక రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. ఒక రాత్రి గంటసేపు ఎక్కువ నిద్రపోతాడు. దానికి పాటేం కడతారు? అందుకే మన కుర్రాళ్ళకు దిగే దారి మెట్టు మెట్టూ కంఠతా వచ్చు. ఎక్కే దారి మాత్రం తెలీదు.

ఆ ఎక్కే దారి తెలిసిన మనిషి ఒకరున్నారు. ఎవరో కాదు, ఆ దేవదాసే!

అక్కినేని గారు దేవదాసు వేసేనాటికి వయసు 29. ఆ కళ్ళలోని మత్తు సీసాలోంచి వచ్చింది కాదు. రాత్రిళ్ళు షూటింగ్ పెట్టి, ఆ నిద్రమత్తునే తాగిన మత్తుగా తెర మీదికి తెచ్చారు. 1974లో ఆయనకు అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఏడేళ్ళ తర్వాత అదే మనిషి 'ప్రేమాభిషేకం'లో స్టెప్పులు వేశారు. ఇక అసలు సంగతి వినండి. 2013 అక్టోబరులో, తొంభై ఏళ్ళ వయసులో, ఆయనకు నిజంగానే కాన్సరు వచ్చింది. ఆయనేం చేశారు? సినిమాలోలాగా దాచారా? లేదు! విలేకరులను పిలిచి, నాకు కాన్సరు వచ్చిందని తన నోటితోనే చెప్పేశారు. అభిమానుల ముందు పెట్టేశారు. అంతటి జబ్బులో కూడా 'మనం' సినిమాలో తన పని పూర్తి చేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆ సినిమా మే 23న వచ్చింది.

తెర మీద దాచి ఏడిపించిన మనిషి, బతుకులో చెప్పి ధైర్యంగా నిలబడ్డాడు. మనం వీరాభిమానులం గదా, మరి ఏ అక్కినేనిని అనుకరించాలి?

గోదావరిఖనిలో నాకొక స్నేహితుడు ఉన్నాడు. పేరెందుకులెండి. తండ్రి సింగరేణిలో బాయి పని. వీడు ప్రేమించిన పిల్లకు దుబాయి సంబంధం కుదిరింది, పెళ్ళయి పోయింది. వీడు గడ్డం పెంచాడు. పొద్దుగూకితే క్వార్టర్. మేమంతా చుట్టూ చేరి "అరే, అసలు ప్రేమంటే వీనిదేరా!" అని మెచ్చుకుంటుంటే వాడికి అదొక బిరుదులా ఉండేది. నెల తిరిగేసరికి దగ్గు పట్టుకుంది. దానికి కూడా మురిసిపోయాడు! దేవదాసు దగ్గే వచ్చిందని అనుకున్నాడు కాబోలు. తల్లి అడిగితే "ఏం లేదమ్మా" అనే మాట తప్ప ఇంకో మాట లేదు.

ఒకరోజు తండ్రి నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే కొడుకు మంచం మీద కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, ఆ పిల్లేనా?"

వీడు మాట్లాడలేదు.

"ఏడుస్తే ఏడువు. నేను ఎవ్వలికి చెప్ప. గని దగ్గుతోని ఆటలాడకు. నేను బాయిల దిగేటోన్ని, ఊపిరి అంటే ఏందో నాకెరుక."

అంతే! మూడు నెలలుగా లోపల కుక్కుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. గంటసేపు ఏడ్చాడట. తండ్రి ఒక్క నీతి కూడా చెప్పలేదట. ఆ పొద్దే ఇద్దరూ దవాఖానకు పోయారు. తెమడ పరీక్షలో క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగాడు, సీసా మానేశాడు. ఇవాళ వాడికి పెళ్ళయింది, పాప ఉంది. ఆ పిల్ల గుర్తొస్తుందా అని మొన్న అడిగితే నవ్వి, "బతుకమ్మ పాటలు ఇనవడ్డప్పుడు జరంత యాదికొస్తది" అన్నాడు. చూశారా, మరిచిపోలేదు! బాగయ్యాడు, అంతే. రెండో ప్రశ్నకు జవాబు ఇదే తమ్ముడూ. ప్రేమను మరిచేది ఉండదు, నొప్పి తగ్గేది ఉంటది. ఎన్ని దినాలంటే లెక్క లేదు గానీ, నోరు విప్పిన రోజు నుంచి లెక్కపెట్టుకో.

ఇక్కడ రెండు డాక్టరు ముచ్చట్లు చెప్పి తీరాలి. క్షయ ప్రేమ వల్ల రాదు. అది ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ 1882లోనే చెప్పాడు. తిండి మానేసి, తాగి, ఒంటిని పాడు చేసుకుంటే ఆ క్రిమికి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చినట్టే. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించుకోవాలి. సర్కారు దవాఖానలో పరీక్ష ఫ్రీ, మందులు ఫ్రీ. మంచి తిండికని నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు. ఇది మొదటి ముచ్చట.

రెండోది ఇంకా చిత్రమైనది. 'గుండె పగిలింది' అంటాం చూడండి, అది ఉత్త డైలాగు కాదు! పెద్ద దుఃఖం కలిగినప్పుడు గుండె కింది భాగం ఉబ్బి, కొట్టుకోవడం బలహీనపడే జబ్బు ఒకటుంది. జపాన్ డాక్టర్లు 1990లో దాన్ని వర్ణించారు. గుండె ఆకారం అక్కడి జాలరులు ఆక్టోపస్‌ను పట్టే కుండలాగా మారిందని ఆ కుండ పేరే పెట్టారు, 'టాకోసుబో' అని. ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్ళలో కనిపిస్తుంది. కానీ చివరి మాట వినండి: వైద్యం అందితే చాలామందికి కొన్ని వారాల్లోనే గుండె మళ్ళీ మామూలవుతుంది. పగిలిన గుండె అతుక్కుంటుందన్నమాట!

ఇంతసేపూ మగపిల్లల ముచ్చటే చెప్పుకున్నాం. ఆడపిల్లకు గడ్డం రాదు, సీసా పట్టనివ్వరు, పాట కట్టరు. మరి ఆమె దుఃఖం ఎటు పోవాలి? కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు ఏ గల్లీలోకైనా పోయి చూడండి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. రోజుకు వెయ్యి బీడీల లెక్క. మనసు విరిగినా లెక్క తగ్గకూడదు. ఆమె కళ్ళు ఎర్రబడితే తంబాకు గాటు అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. దేవదాసు కోసం ఏడ్చిన మనం, పెద్ద వయసు జమీందారు ఇంట్లో ఎదిగిన పిల్లలకు తల్లిగా, నవ్వు మొహంతో కాపురం చేసిన పార్వతి కోసం ఎంతమందిమి ఏడ్చాం?

ఆ పార్వతిని మనకిచ్చిన సావిత్రి గారి బతుకు ఎలా ముగిసిందో 'మహానటి' (2018) చూసిన వాళ్ళకు తెలుసు. 'ప్రేమాభిషేకం' వచ్చిన 1981లోనే, డిసెంబరు 26న, 19 నెలలు కోమాలో ఉండి వెళ్ళిపోయారు. తెర మీద తాగిన దేవదాసు తొంభై ఏళ్ళు బతికాడు. తెర మీద అతని కోసం తపించిన పార్వతిని నిజం మద్యం తీసుకుపోయింది. ఇంతకంటే పెద్ద పాఠం ఏ సినిమాలో ఉంది?

మీ ఇంట్లో అక్కో చెల్లెలో నెల రోజులుగా మాట తగ్గించి పని పెంచిందంటే, ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి. "ఎవడు వాడు?" అని కాదు. "ఏమైందే?" అని.

మన ప్రాంతం వాళ్ళకు నోరు విప్పి ఏడవడం కొత్త కాదు. 2023 మార్చి 3న విడుదలైన 'బలగం' చూశారు గదా! మన సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన సినిమా. ఒక నల్లిబొక్క దగ్గర మొదలైన పగ ఇరవై ఏళ్ళు సాగింది. తాత పోయాక పిట్ట ముద్ద ముట్టదు. చివరికి అందరినీ కూర్చోబెట్టి కళాకారులు పాడితే, కడుపులో దాచుకున్నదంతా కక్కి, ఒకరినొకరు పట్టుకుని ఏడిస్తే గానీ ఆ ఇల్లు చల్లబడలేదు. ఊళ్ళలో నడి బజార్లో తెర కట్టి ఆ సినిమా వేస్తే జనం వెక్కి వెక్కి ఏడ్చారు. బాగుపడ్డానికి పాట కట్టలేరన్నాను గదా, మనవాళ్ళు కట్టి చూపించారు!

ఇక మూడో ప్రశ్న మిగిలింది. ఏ గోలీ వేసుకోవాలె? దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనకు తమ్ముడూ. తాగితే నిద్ర వస్తుందని ఎవడైనా చెప్తే నమ్మకు. మొదట వచ్చినట్టే వస్తుంది, నడిజామున లేపి కూర్చోబెడుతుంది. నెల రోజులైందంటున్నావు, అంటే డాక్టరును కలవాల్సిన వేళ దాటిపోయింది. ఈ వారమే వెళ్ళు. అంతకుముందు ఇవాళ రాత్రే ఒక్క మనిషికి చెప్పు: నాయిన, అవ్వ, అక్క, దోస్తు, ఎవరైనా సరే. ఎవరి మొహం చూసి చెప్పలేకపోతే 14416కు ఫోను చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022లో సర్కారు పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకు. ఆ నిమిషమే పక్కవాళ్ళను లేపు.

రేపు గడ్డం గీసుకో, కడుపు నిండా తిను. తర్వాత 'దేవదాసు' మళ్ళీ చూడు. బాగా ఏడువు. సినిమాకు ఏడవడం ఆరోగ్యమే! హాలు బయటికి వచ్చాక మాత్రం నీ కథకు నువ్వే డైరెక్టరువి.

జగిత్యాల తమ్ముడూ, నిద్ర పట్టిన రోజున ఒక కార్డు ముక్క రాయి. మిగతా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా రాయండి. వచ్చే వారం కలుద్దాం. అంతదాకా సెలవు!