గుర్రమునకు కూడా సెలవు
(కుటుంబ వేదిక)



ఎండాకాలపు సెలవులు వచ్చినవంటే మన కల్వకుర్తి ప్రాంతపు సంఘములలో వి.బి.ఎస్. సందడి మొదలవుతుంది. ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలు టీచర్లుగా మారి చిన్నవారికి పాటలు, కంఠత వాక్యములు నేర్పుతారు. ఈ నెల ఆ యౌవనస్థులను, వారి తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకొని, అమెరికాలో యూదుల పిల్లల మధ్య జరిగే ఇటువంటి సేవను గురించి వ్రాస్తున్నాను. అందులో గుర్రపు స్వారీ నేర్పేవారి పని ఒకటి ఉన్నది. గుర్రములతో మనకేమి సంబంధము అంటారేమో. మన ఊళ్లలో గుర్రము కనబడేది పెండ్లి బరాతులోనే. అయినా ఆ పనిలో మన ఇండ్లకు కావలసిన పాఠము ఉన్నది.

రెండు వేసవి సేవలు

వి.బి.ఎస్. చరిత్ర చెప్పేటప్పుడు న్యూయార్కు పేరు తప్పక వస్తుంది. 1898లో అక్కడ ఒక వైద్యుని భార్య, వీధులలో తిరిగే బీదపిల్లల కొరకు బీరు అమ్మే హాలును అద్దెకు తీసుకొని బైబిలు పాఠశాల నడిపించినది. అదే నగరములో, ఇరుకు గదులలో కాపురమున్న వలస యూదుల పిల్లలకు చెట్లు, చెరువు, మంచి గాలి చూపించవలెనని 1902లో సర్‌ప్రైజ్ లేక్ క్యాంపు మొదలైనది. తరువాత ఇటువంటి శిబిరములు దేశమంతటా వెలసినవి. 1947లో విస్కాన్సిన్ రాష్ట్రములో రామా అనే శిబిరము ఆరంభమై, ఆటలతోపాటు హెబ్రీ భాష, ప్రార్థన, లేఖన పఠనము నేర్పసాగినది.

ఈ శిబిరములలో పిల్లలను చూసుకొనే యువతీ యువకులను కౌన్సిలర్లు అంటారు. చాలామంది కాలేజీ వయస్సువారే. ఇశ్రాయేలు దేశమునుండి కూడా యౌవనస్థులు వేసవి కొరకు వస్తారు. కౌన్సిలరు పాఠము చెప్పి ఇంటికి వెళ్లే టీచరు కాడు. పిల్లలు పడుకొనే చోటనే పడుకొని, తెల్లవారి వారిని లేపి, అమ్మ గుర్తుకువచ్చి ఏడ్చే బిడ్డను ఓదార్చే అన్న, అక్క.

గుర్రము దగ్గర పని

స్వారీ నేర్పే కౌన్సిలరు అందరికంటె ముందు లేవాలి. గుర్రములకు గడ్డి, నీళ్లు పెట్టాలి. పేడ ఎత్తాలి. ఒంటిమీది దుమ్ము బ్రష్షుతో దులపాలి. ఒక్కొక్క కాలు ఎత్తి గిట్టలో ఇరుక్కున్న రాళ్లు, మట్టి తీయాలి. జీను వేసిన తరువాత పొట్ట క్రింది పట్టీ బిగువుగా ఉన్నదో లేదో చేయి పెట్టి చూడాలి. అది వదులైతే జీను ప్రక్కకు జారి బిడ్డ క్రింద పడుతుంది.

ఆ తరువాత పిల్లలు వస్తారు. వారికి నేర్పే మొదటి పాఠము ఎక్కడము కాదు, దగ్గరకు వెళ్లడము. గుర్రము వెనుకనుండి పోరాదు. అది బెదరి తన్నుతుంది. అది చూస్తుండగా, మెల్లగా మాట్లాడుతూ భుజము ప్రక్కనుండి వెళ్లాలి. అది చెవులు వెనుకకు వాల్చినదంటే దానికి నచ్చలేదని అర్థము. దాని ఒళ్లు తోమి చనువు చేసుకొన్న తరువాత, తలకు హెల్మెట్ పెట్టి ఎక్కిస్తారు. కౌన్సిలరు తాడు పట్టుకొని ప్రక్కనే నడుస్తాడు. బిడ్డ భయము గుర్రమునకు తెలుస్తుంది. గుర్రము బెదురు బిడ్డకు తెలుస్తుంది. వారిద్దరి మధ్య ఉన్నవాడు అరిస్తే ఇద్దరూ చెడిపోతారు. ఎంత ఓర్పు కావాలో చూడండి. వి.బి.ఎస్.లో నలభైమంది పిల్లలను కూర్చుండబెట్టిన టీచర్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

యూదుల పెద్దలు చెప్పిన నియమము మరొకటి ఉన్నది. పశువుకు మేత వేయకముందు యజమానుడు భోజనమునకు కూర్చోరాదు. ద్వితీయోపదేశకాండము 11:15లో దేవుడు పశువులకు గడ్డిని గురించి ముందు చెప్పి, మనుష్యుడు తిని తృప్తిపొందుటను తరువాత చెప్పెను గనుక ఆ వరుసనే పాటించాలని వారి బోధ. నీతిమంతునికి తన పశువు ప్రాణముమీద కనికరముండునని సామెతలు 12:10 కూడా నేర్పుచున్నది.

శనివారమునాడు

శుక్రవారము సాయంత్రము శిబిరము రూపే మారిపోతుంది. పిల్లలు స్నానము చేసి మంచి బట్టలు, చాలా చోట్ల తెల్లబట్టలు, వేసుకొంటారు. దీపములు వెలిగిస్తారు. రెండు రొట్టెలు పెట్టి ఆశీర్వాదము చెబుతారు. సబ్బాతును పూర్వాచారము ప్రకారము పాటించే శిబిరములలో జీనులు కొట్టములోనికి పోతాయి. శనివారము చుక్కలు పొడిచేవరకు ఎవరూ గుర్రమెక్కరు. స్వారీ చేసేవాడు దారిలో కొమ్మ విరుస్తాడేమో, అదీ పనియే అవుతుందని పూర్వపు రబ్బీలు ఒక కారణము చెప్పారు. అన్నిటికంటె మూలమైనది ఆజ్ఞయే: ఆ దినమున పశువు కూడా విశ్రమించాలి.

అయితే మేత, నీళ్లు మానరు. విశ్రాంతి పేరున గుర్రమును పస్తు పెట్టరు. ప్రభువైన యేసు లూకా 13:15లో ఈ సంగతినే ఎత్తి మాటలాడెను. విశ్రాంతిదినమున మీరు ఎద్దును, గాడిదను విప్పి నీళ్లకు తోలుకొనిపోవుదురు గదా, పదునెనిమిదేండ్లు బంధింపబడిన ఈ కుమార్తెను విడిపింపరాదా అని ఆయన అడిగెను. పశువుమీద చూపే దయ మనిషిదాకా రాకపోతే ఆ దినమునకు అర్థమే లేదని ఆయన భావము.

మన తెలుగు నేలమీద కూడా సబ్బాతును ఆచరించేవారు ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయిము అనే పేరుతో కొన్ని కుటుంబములు 1990ల మొదటినుండి సమాజమందిరము పెట్టుకొని శనివారమును పాటిస్తున్నవి. ఇక కన్నడ సీమలో, రాయలసీమలో చాలా పల్లెలలో బసవన్న దినమని సోమవారము ఎద్దులకు కాడి కట్టరు. నోరులేని జీవికి ఒక దినము విడుదల ఉండాలని రైతు మనస్సుకు కూడా తెలుసు.

మనము రక్షణ కొరకు శనివారమును ఆచరించువారము కాము. ప్రభువు తిరిగి లేచిన ఆదివారమున కూడుకొంటాము. అయితే దినము మారినదని కనికరము కొట్టివేయబడలేదు.

మన తాతల సంగతి

నిర్గమకాండము 20లో, దేవుడు ఏడవ దినమున విశ్రమించెను గనుక మీరును విశ్రమించుడని ఉన్నది. ద్వితీయోపదేశకాండము 5:14, 15లో మరియొక కారణము ఉన్నది. దాసుడు, దాసి కూడా నీవలె విశ్రమించవలెను, ఏలయనగా నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి, మరువవద్దు అని దాని భావము.

ఈ మాట పాలమూరు క్రైస్తవులకు వేరే వివరించనక్కరలేదు. మన తాతలలో ఎందరో జీతములుండినవారు, వెట్టి చేసినవారు. పగలంతా దొర పొలములో పని చేసి వచ్చేవారికి ఆరాధన ఎప్పుడు? అందుకే పల్లె సంఘములు రాత్రివేళ దీపము పెట్టుకొని కూడుకొనేవి. 1976 చట్టముతో వెట్టిచాకిరి రద్దయినది. దేవుని కృపవలన, చదువువలన మనలో అనేకులు టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు అయినారు. ఇప్పుడు మన ఇంటనే బాసన్లు తోమే అమ్మాయి ఉన్నది. మన చేను చూసే కూలి ఉన్నాడు. మన ఆటో నడిపే డ్రైవరు ఉన్నాడు.

మనము తెల్లబట్టలు కట్టుకొని గుడికి పోయే ఆదివారము వారికేమి దినము?

ఆదివారమే చుట్టములు వస్తారని పనిమనిషికి ఆ రోజే ఎక్కువ పని చెప్పే ఇండ్లు ఉన్నవి. పత్తి ఏరే కాలములో ఎలా వీలవుతుందని అడుగుతారు. దున్నే కాలమున, కోతకాలమున కూడా విశ్రమించాలని నిర్గమకాండము 34:21 చెప్పుచున్నది. పాలు పిండక తప్పదు, రోగికి సేవ ఆపరాదు, నిజమే. మిగిలిన పనులలో చాలావరకు సోమవారమునకు ఆగుతాయి.

ఇంకొక మాట. దినకూలివానికి రావద్దని చెప్పి కూలి కోస్తే అది విశ్రాంతి కాదు, ఉపవాసము. ఆ శిబిరములో గుర్రమునకు సెలవు దినమున కూడా గడ్డి అందుతున్నది. మన ఇంట పనిచేసే మనిషికి వారమునకొక దినము జీతము కోయకుండా సెలవివ్వడము మన చేతిలో ఉన్న పనియే.

చివరగా ఇంటి తల్లి. అందరూ ఆరాధనలో పాటలు పాడుతుండగా ఆమె మనస్సు పొయ్యిమీది కూర దగ్గర ఉంటే అది ఎవరి తప్పు? శనివారము రాత్రే కొంత పని అందరూ పంచుకొనవచ్చును. వి.బి.ఎస్.లో వంట చేసే అక్కలకు కూడా టీచర్లు ఒక పూట విశ్రాంతి ఇవ్వవచ్చును. చిన్నపిల్లలు వాక్యముకంటె ముందు దీనిని చూసి నేర్చుకొంటారు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. మన ఇంట, మన చేనులో, మన దుకాణములో పనిచేసేవారికి వారములో ఏ దినము సెలవు?
2. ఆ దినము వారి జీతము కోస్తున్నామా?
3. ఆదివారము అమ్మ పనిలో నేను ఏది తీసుకొనగలను?

ప్రార్థన: ప్రభువా, మా పితరులను బరువు క్రిందనుండి విడిపించితివి. మా చేతిక్రింద ఉన్నవారి మెడమీద ఆ బరువు పెట్టకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.