రూము చౌకే... ఆటో ఖర్చు సంగతేంది?

నందవరం నుంచి మొదటిసారి హైదరాబాద్ చూడబోతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! యాప్‌లో రేటొక్కటే చూసి రూము బుక్ చేయొద్దు. ఊరి చివర రూ.300 తక్కువకు దొరికినా, ఆ మిగులు రానూపోనూ ఆటోలకే చాలదు.

నేనైతే ముందు మ్యాప్‌లో మెట్రో స్టేషన్ వెతుకుతా. మన కర్నూలు బస్సులు ఆగే ఎంజీబీఎస్ దగ్గరే ఎరుపు, ఆకుపచ్చ లైన్లు రెండూ కలుస్తాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ కూడా అటువైపే.

రైల్లో వెళ్తారా? కన్ఫర్మ్ టికెట్ పీఎన్‌ఆర్ ఉంటే పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూమో, డార్మిటరీలో మంచమో ఐఆర్‌సీటీసీలో అడగొచ్చు.

డబ్బు కట్టేముందు లాడ్జికి ఒక్క ఫోన్ కొట్టండి. రేటు పన్నుతో కలిపేనా? చెకౌట్ 24 గంటలకా, మధ్యాహ్నం 12కా? రాత్రి బస్సెక్కి తెల్లారి 5కి దిగేవాళ్లకు ఈ ఒక్క తేడాతోనే ఓ రోజు అద్దె మిగులుతుంది. దాంతో ఇరానీ చాయ్ తాగండి!